అవ్వ నోటుబుక్కు, మూడు కంప్యూటర్లు

మా ఇంట్లో మాట తెలుగు, రాత కన్నడ. కోలారు వైపు చాలా ఇళ్లలో ఇదే కథ. మా అవ్వ పెండ్లి పాటలు, హారతి పాటలు అన్నీ ఒక నోటుబుక్కులో కన్నడ అక్షరాలతోనే రాసి పెట్టుకునింది. మేమూ కన్నడ మీడియమే కాబట్టి మాకది సులువుగా చదవొస్తుంది. హోసూరు చిన్నవ్వకు రాదు. ఆమె అవ్వకు సొంత చెల్లెలు, చదివింది తెలుగు బడిలో. అవ్వ తద్దినం నాడు ఆ బుక్కు చేతిలో పట్టుకొని, "మా అక్క ఏం రాసిందో నాకు చదవను రాలే కదప్పా. చూపు ఉండంగానే ఏమన్నా చెయ్యండి" అనింది.

నెట్‌లో లిపి మార్చే సాధనాలు లేకపోలేదు. కానీ మేము బెంగళూరులో, అక్క పూణెలో, చిన్నాయన హోసూరులో తలా కొన్ని పేజీలు టైపు చేసి, రెండు లిపులూ పక్కపక్కన పెట్టి దిద్దుకోవాలి. మాది లినక్స్, అక్కది మాక్, చిన్నాయనది పాత విండోస్ 7. డబ్బు పెట్టకుండా మూడింటి మీదా నడిచే ప్రోగ్రాము కావాలి. మేము టెస్టర్లం, ఒకరు రాసిన దాంట్లో తప్పులు పట్టడం మా పని. ఈసారి మేమే రాయాల్సి వచ్చింది.

లిపి మార్చడం చాలా సులువనుకున్నాము. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరుస 3072 దగ్గర మొదలైతే కన్నడ వరుస 3200 దగ్గర మొదలవుతుంది. తెలుగు 'అ' 3077, కన్నడ 'అ' 3205. అంటే 128 తీసేస్తే చాలు! అయితే కన్నడలో ఏత్వాన్ని ఒక సంఖ్యగానూ పెట్టొచ్చు, ఎత్వం పక్కన దీర్ఘం గుర్తు చేర్చి రెండుగానూ పెట్టొచ్చు. రెండుగా వచ్చినదాంట్లో 128 తీసేస్తే తెలుగు ఏత్వం తయారు కాదు. 'దేవుడు' అని వెతికితే దొరకదు. ముందే రెంటినీ ఒకటి చేయాలి. దానికి ఐసీయూ పెద్ద లైబ్రరీ. మాకు యూటీఎఫ్8ప్రాక్ అనే చిన్నది సరిపోయింది.

కంపైలర్ గురించి పెద్దగా తర్జనభర్జన లేదు. జీసీసీ 1987 నుంచి ఉంది. మింగ్‌డబ్ల్యూ-64 తోడు పెట్టుకుంటే విండోస్ ప్రోగ్రాము కూడా లినక్స్‌లోనే తయారవుతుంది. మాక్‌ది మాత్రం అక్కకు ఫోన్లో చెప్పి క్లాంగ్‌తో కట్టించినాము.

అసలు తంటా తెర మీద అక్షరాలతో వచ్చింది. ముందు ఎస్‌డీఎల్‌తో చేస్తే ఒత్తులు కింద చేరకుండా పక్కన నిలబడినాయి. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లాంటిది తోడు లేకపోతే తెలుగుకు ఆ గతే. (ఒత్తులంటే మా టెస్టర్లకు భయమే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కూలగొట్టింది, గుర్తుందా?) తర్వాత క్యూటీ చూసినాము. చక్కగా ఉంది, కానీ కొత్త క్యూటీ 6 విండోస్ 7 మీద నడవదు. చివరికి డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్. 1992 నాటిది, చూడను కొంచెం పాతకాలంగా ఉంటుంది. కానీ అది ఆయా కంప్యూటరు సొంత పెట్టెలనే వాడుకుంటుంది కాబట్టి, తెలుగు రాయడం విండోస్‌కు ఎంత వచ్చో మా ప్రోగ్రాముకూ అంత వచ్చింది. గౌతమి ఫాంటు చిన్నాయన దాంట్లో ముందే ఉంది.

హోసూరుకు పంపిన మొదటిది తెరుచుకోనే లేదు. "ఏదో డీఎల్ఎల్ లేదంటుంది రా" అన్నాడు చిన్నాయన. జీసీసీ వెంట రావలసిన లైబ్రరీలు ఆ కంప్యూటర్లో లేవు. మా దాంట్లో ఉన్నాయి గనుక మాకు తెలియలేదు. టెస్టర్లమై ఉండి ఇంకో కంప్యూటర్లో చూడకుండా పంపడం సిగ్గుచేటే. వాటిని ప్రోగ్రాములోనే కలిపి కట్టి మళ్లీ పంపినాము. జీసీసీ లైసెన్సు దానికి ఒప్పుకుంటుంది.

పోయిన ఆదివారం చిన్నవ్వ ముందర తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి పెట్టినాము. వేలు తెర మీద పెట్టి, పెదాలు కదుపుతూ మెల్లిగా చదివింది. మూడో పాట దగ్గర ఆగి, "ఈ చరణం అక్క తప్పు రాసింది. మేము ఇట్లా పాడేవాళ్లం కాదు" అని తను పాడి వినిపించింది.

అవ్వ రాసింది దిద్దేదానికి మాకు చేతులు రాలేదు. ప్రతి పాట కింద 'చిన్నవ్వ పాడేది' అని ఇంకో పెట్టె పెడుతున్నాము. టైపు చేయాల్సినవి ఇంకా నలభై పేజీలు ఉన్నాయి.