ఒక చీర, మూడు బొంతలు

మన ఇళ్ళలో కట్టి విడిచిన చీరని ఇంకొకరికి ఇవ్వడమంటే రెండే సందర్భాలు. ఒకటి, పండగకి ముందు బీరువా సర్దినప్పుడు పనమ్మాయికి. రెండోది, పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలుగా. మొదటిదాంట్లో చీర విలువ తగ్గిపోయినట్టు, రెండోదాంట్లో పెరిగిపోయినట్టు! పురిటిబిడ్డకి కొత్తబట్ట గరుకు, గంజి వాసన. వంద ఉతుకులు పడ్డ నేతచీర మాత్రం వెన్నలా ఉంటుంది. అందుకే పెద్దవాళ్ళు "మెత్తటి చీర ఒకటి దాచి ఉంచవే" అని ముందే అడిగి పెట్టుకునేవారు.

బొంత సరిగ్గా ఈ రెండిటి మధ్య ఉంటుంది. పాతగుడ్డే, కానీ ఎవరికిచ్చినా చిన్నబుచ్చుకోరు. ఎందుకంటే అందులో చీర కన్నా కూర్చున్న గంటలు ఎక్కువ.

నాకు కుట్టు అలవాటు మొదటినుంచీ ఉంది. తాంబూలం సంచులు, పిల్లల బొంతలు, వేడిగిన్నెలు దింపడానికి దళసరి మసిగుడ్డలు, ఇలాంటివి కుట్టి పంచుతూ ఉంటాను. గృహప్రవేశానికి స్టీలు డబ్బా బదులు నాలుగు మసిగుడ్డలు పట్టుకెళ్తే మొదట నవ్వుతారు. ఆర్నెల్ల తర్వాత "ఇంకో రెండు కుట్టి పెట్టవా" అని ఫోను చేసేదీ వాళ్ళే. కానీ ఇప్పుడు చెప్పబోయే మూడు బొంతలు అలా సరదాగా కుట్టినవి కావు.

మా అత్తగారు తెనాలి దగ్గర పల్లెలో ఉండేవారు. ఆవిడ పోయాక పట్టుచీరలు, బంగారం పంచుకోవడంలో ఎవరికీ మాటా మాటా రాలేదు. పేచీ వచ్చింది రోజువారీ నేతచీరల దగ్గర, అందులోనూ ఒక్క నీలం చీర దగ్గర. సన్న నిజాం అంచున్న మంగళగిరి చీర. ఆవిడ పెరట్లో ఉన్నా, గుడికెళ్ళినా, ఆఖరికి ఆస్పత్రికెళ్ళినా అదే. పెద్దాడపడుచు, నేను వదినా అని పిలుస్తాను, ఆ చీర తనదంది. ఆఖరి రెండేళ్ళూ తల్లికి చేసింది ఆవిడే మరి. చిన్నాడపడుచు మెల్బోర్న్‌లో ఉంటుంది. విమానం దొరికి వచ్చేసరికి అంతా అయిపోయింది. "నాకు అమ్మని చూసే రాతే లేదు, ఆ చీరైనా ఇవ్వండి" అంది. దానికి వదిన "చూడాలనుకున్నవాళ్ళు ముందే వస్తారు" అంది. పదకొండో రోజు అన్న ఆ మాటతో అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. మా తోడికోడలు ఏమీ అడగలేదు గానీ, ఆ చీర కొంగు పట్టుకుని ఏడవడం నేను చూశాను.

చీర నా బీరువాలోనే ఉండిపోయింది. ఎవరికిచ్చినా ఇంకొకరికి దూరమే.

ఒకరోజు టేపు పెట్టి కొలిచాను. అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. మూడు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 72 అంగుళాలు. పన్నా 45. రెండు ముక్కలు పక్కపక్కన కలిపితే 90కి 72, మనిషి కప్పుకోవడానికి సరిపోయే కొలత. బొంతకి నాలుగు పొరలు కావాలి, అంటే ఎనిమిది ముక్కలు. మూడు చీరలకి తొమ్మిది ముక్కలొస్తాయి. తొమ్మిది చీరలు తీస్తే మూడు బొంతలు అయిపోయి, ఇంకా మూడు ముక్కలు మిగులుతాయి. ప్రతి బొంత పైపొరలో సగం నీలం చీర, సగం ఇంకో చీర. ముగ్గురికీ సమానం.

లెక్క బాగానే ఉంది. ఫోను చేసి చెప్తే వదిన ఒక్కసారి లేచింది. "పోయిన మనిషి చీరకి కత్తెర పెడతావా? నీ తల్లి చీరైతే కోస్తావా?" నేను వాదించలేదు. ఆవిడ బాధ చీర గురించి మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది. చీరలన్నీ ఉతికి, గంజి పోయేదాకా వేడినీళ్ళలో నానబెట్టి, ఆరేసి, మడతపెట్టి ఉంచాను. అంతే.

సంక్రాంతికి అందరం పల్లెలో కలిశాం. అటకమీద ట్రంకుపెట్టె దించితే అడుగున ఒక పాత బొంత ఉంది. అత్తగారు కాపరానికొచ్చిన కొత్తలో కుట్టింది. ఒక మూల చిరిగి, లోపలి పొరలో ఎర్రంచు కనిపిస్తోంది. వదిన దాన్ని చూసి అక్కడే కూర్చుంది. "ఇది అమ్మమ్మ చీర. అమ్మమ్మ పోయాక అమ్మ కుట్టింది. చలికాలం మేమిద్దరం ఇదే కప్పుకునేవాళ్ళం" అంది. మేమిద్దరం అన్న మాట అన్నాక ఒకసారి చెల్లెలి వైపు చూసింది. నేనేం మాట్లాడలేదు. కాసేపటికి తనే "ఆ కత్తెర ఇలా పట్రా" అంది. నీలం చీరని మూడు చేసింది వదినే.

బొంత కుట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు, చోటూ మనుషులూ కావాలి. గచ్చు మీద చాప పరిచి, పొరలు ఒకదానిమీద ఒకటి ముడత లేకుండా వేసి, అంచులు లోపలికి మడిచి, జానెడుకొక టాకా వేసుకోవాలి. పొరలు జరగవు. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి రెండు వేళ్ళ ఎడంతో వరసలు కుట్టుకుంటూ లోపలికి రావాలి. మిషను దారం పుటుక్కున తెగుతుంది, లావుపాటి కాటన్ దారమే మంచిది. సిల్కు, పాలిస్టరు కలపొద్దు. నూలు ఒకలా, అవి ఒకలా కుంచించుకుని బొంత ఉబ్బిపోతుంది. బెంగాలువాళ్ళు కాంతా కుట్టేటప్పుడు పాతచీర అంచులనుంచి లాగిన రంగుదారాలే వాడేవారు. మహారాష్ట్రలో గోధడి, కన్నడదేశంలో కౌది కూడా ఈ కోవలోవే. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళు కుట్టే బొంతలు కూడా ఇలా అంచునుంచి నడిమికే వస్తాయి. ఎక్కడైనా కారణం ఒకటే: పారేయడానికి మనసొప్పని బట్ట, కప్పాల్సిన పిల్లలు.

నాలుగు వైపులా నలుగురం కూర్చున్నాం. మొదటి గంట దారం చప్పుడు తప్ప ఏమీ లేదు. చిన్నమ్మాయి సూది విరిగింది. వదిన తన సూదిపొట్లం తీసి, ఒకటి చెల్లెలి చేతికివ్వకుండా గుడ్డమీద పెట్టింది. సూది చేతికిస్తే తగవులొస్తాయంటారు కదా. చిన్నమ్మాయి దానివంక చూసి, "ఇంకా కొత్తగా ఏం రావాలక్కా?" అంది. తోడికోడలు ముందు నవ్వింది. తర్వాత వదిన. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని అనను. పదకొండో రోజు మాట ఎవరూ ఎత్తలేదు, క్షమించమని ఎవరూ అడగలేదు. దారం అడిగారు, కళ్ళజోడు అడిగారు, "అమ్మ పప్పులో మెంతులు వేసేదా?" అని అడిగారు. ఆ పండగకి అంత చాలు. నాలుగు రోజుల్లో ఒక బొంత అయింది. కిలోంపావు తూగింది. అది చిన్నమ్మాయి పెట్టెలో మెల్బోర్న్ వెళ్ళింది. మిగతా రెండూ ఇంటికి తెచ్చుకుని సాయంత్రాలు కుట్టి పూర్తిచేయడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

బహుమతి అంటే ఇచ్చేవాళ్ళ గొప్ప కనిపించాలనుకుంటాం. ఈ బొంతల్లో నా చీర ఒక్కటీ లేదు, నా డబ్బు దారానికి అయినంత. నేనిచ్చింది కూర్చోవడానికి ఒక చాప, చేతులకి ఒక పని. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోమంటే మాట్లాడుకోలేనివాళ్ళు, తల వంచుకుని కుట్టుకుంటుంటే మాట్లాడుకోగలరు. మీ ఇంట్లో కూడా అలాంటి మౌనం ఉంటే, ఒక పాతచీర పరిచి చూడండి.

మిగిలిన మూడు ముక్కల సంగతి చెప్పలేదు కదూ. మొన్న వదినే ఫోను చేసింది. వాళ్ళమ్మాయికి అయిదో నెల. "ఆ ముక్కలు మసిగుడ్డలకి వాడేశావా?" అని మెల్లిగా అడిగింది. లేదన్నాను. ఒక్కొక్క ముక్కని సగం చేస్తే 36కి 45, మొత్తం ఆరొస్తాయి. నాలుగు పొరలకి నాలుగు పోను, మిగతా రెండూ పొత్తిగుడ్డలు. ఈసారి చుట్టూ కుట్టే వరస చెల్లెలితో కుట్టిస్తానంది వదిన. వేసవి సెలవులకి వస్తోందట.