కర్కాటకంలో కొట్టక్కల్

కేరళలోని కొట్టక్కల్ కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. తిరూరు స్టేషన్‌లో పెద్దమ్మతో మంగళూరు మెయిలు దిగి ఆటో మాట్లాడుకుని వానలో వస్తుంటే, బజారు దగ్గర పడేసరికి కాగిన నువ్వుల నూనె, తడిసిన వేర్లు, బెల్లం కలగలిసిన వాసన గుప్పుమంది. ఆటో అబ్బాయికి ఎక్కడికో చెప్పాల్సిన పని పడలేదు. పెద్దమ్మ చేతికర్ర చూసి, "ఆర్యవైద్యశాల" అని తనే అనేశాడు.

మలయాళీల కర్కాటక మాసం జూలై నడుమ మొదలై ఆగస్టు నడుమ ముగుస్తుంది. పూర్వం అది లేమి నెల. వాన తెరిపివ్వదు, పొలంలో పని ఉండదు, గాదెలో గింజ ఉండదు. ఒంటికి నూనె పట్టించడానికి అదే మంచి అదును అంటారు వైద్యులు. చలవ వాతావరణం, చెమట తక్కువ, పైగా ఇంటిపట్టున కూర్చోక తప్పని రోజులు. ఇప్పుడు లేమి పోయింది, కానీ ఆ నెల మందు గంజి మాత్రం ఉండిపోయింది. మెంతులు, ఆశాళి గింజలు, దినుసులు కలిపిన కర్కాటక గంజి పొట్లాలు కిరాణా కొట్లలో కూడా వేలాడుతున్నాయి.

వైద్యశాలను 1902లో పెట్టినవారు పి.ఎస్. వారియర్. అప్పటిదాకా వైద్యుడు చీటీ రాసిస్తే మూలికలు తెచ్చుకోవడం, దంచుకోవడం, కాచుకోవడం అన్నీ రోగి ఇంటివాళ్లే చేసుకోవాలి. ఆయన కషాయాన్ని కాచి సీసాలో పోసి అమ్మాడు. ఈ రోజు మన ఊళ్లలో కొట్టక్కల్ మందులని బోర్డు కనిపిస్తోందంటే దానికి మూలం ఆ సీసాయే. నాకు ఇంకా నచ్చిన సంగతి మరొకటుంది. ఆయన తన కళ్ల జబ్బుకు ఇంగ్లీషు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్లి, నయమయ్యాక ఆ డాక్టరు దగ్గరే శిష్యరికం చేశాడు. శాస్త్రాల మధ్య కక్షలు పెంచుకునే మనిషి కాదు. ఆ ధోరణి నేటికీ పోలేదు. పెద్దమ్మను చూసిన డాక్టరమ్మ నాడి పట్టుకోకముందే మోకాళ్ల ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు అడిగింది. అరిగిన మృదులాస్థి మళ్లీ పెరగదనీ, నొప్పీ బిగుతూ తగ్గించగలమనీ, అంతకుమించి మాట ఇవ్వలేమనీ చెప్పేసింది. తెనాలి నుంచి బయల్దేరేటప్పుడు మాకు సలహాలిచ్చిన వాళ్లెవరూ ఇంత తక్కువ మాట ఇవ్వలేదు. నాకు గురి కుదిరింది అక్కడే.

ఆడవాళ్లకు చికిత్స చేసేది ఆడవాళ్లే. నేను గది బయట బెంచీ మీద ఉండిపోయేవాణ్ణి. లోపలి సంగతులు పెద్దమ్మ నోటి నుంచి వినాల్సిందే. మనిషి పొడవు చెక్క తొట్టి, దాన్ని ద్రోణి అంటారు. మొదటి రోజుల్లో పిళిచ్చిల్. గోరువెచ్చని నూనెలో గుడ్డ ముంచి, ఒంటి మీద ధారగా పిండుతూ, రెండో చేత్తో నిమురుతారు. తర్వాత నవరక్కిళి. అరవై రోజుల్లో పండే నవర బియ్యాన్ని పాలతో, బలా వేరు కషాయంతో ఉడికించి, మూటలు కట్టి, ఇరుపక్కలా నిలబడి ఒళ్లంతా రుద్దుతారు. మూట చల్లారకుండా ఆ కషాయంలోనే మళ్లీ మళ్లీ ముంచుతారు. మొదటిసారి అది చేయించుకుని వచ్చి పెద్దమ్మ గొడవ పెట్టుకుంది.

"అన్నం రా! పాలు పోసి వండిన అన్నం! మూటగట్టి ఒంటికి రుద్ది పారేస్తున్నారు. పాపం తగలదూ?"

"మందనుకో పెద్దమ్మా."

"మందైతే మాత్రం! అన్నం అన్నమే."

మర్నాడు ఆ మాటే చేతులతో అభినయించి చెప్పిందట, చికిత్స చేసే అమ్మాయిలు ఒకటే నవ్వు. తెలుగు రోగుల పుణ్యమా అని వాళ్లకు "నొప్పి", "తిరుగు", "బాగుందా" అనే మూడు మాటలు వచ్చు. ఆ మూడింటితో గంటసేపు కబుర్లు ఎలా సాగేవో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. వేడినీళ్ల స్నానం అయ్యాక నడినెత్తిన చిటికెడు రాస్నాది చూర్ణం అద్ది పంపేవాళ్లు, తడి తలకు జలుబు చేయకుండా.

తక్కిన రోజంతా పథ్యమే. వేళకు కషాయం, వేళకు గంజి, పెసలు, పతిముఖం చెక్క వేసి కాచిన గులాబీ రంగు నీళ్లు. పులుపు, కారం తగ్గించాలి. పగటి నిద్ర కూడదు. నేను తెచ్చిన సామానులో లేని గోంగూర పచ్చడి సీసా ఒకటి చీరల మడతల్లోంచి బయటపడింది. నర్సు ఏమీ అనలేదు, మూత తీసి వాసన చూసి, డిశ్చార్జి నాడు ఇస్తానని పట్టుకుపోయింది.

వాగ్భటుడి అష్టాంగహృదయం కేరళ వైద్యులకు పట్టుగొమ్మ. అందులో రోగాల వివరాల కంటే చాలా ముందే, సూత్రస్థానం రెండో అధ్యాయంలోనే దినచర్య, మూడో దాంట్లో ఋతుచర్య వస్తాయి. ఎప్పుడు లేవాలి, ఏ కాలానికి ఏం తినాలి అన్నవి ముందు, మందులు తర్వాత. సముద్రపు ఒడ్డు రిసార్టులు అమ్మేది నూనె ఒక్కటే. రాత్రి బీరు తాగి పొద్దున శిరోధార చేయించుకోవడానికి అక్కడ ఎవరి అభ్యంతరమూ ఉండదు. కొట్టక్కల్‌లో నూనె కంటే గడియారం పెద్ద మందు.

సాయంత్రాలు వాన వెలిసినప్పుడు కైలాసమందిరం వైపు నడిచేవాణ్ణి. వారియర్ నివసించిన ఇల్లు అది. దాని శిఖరం మీద ఓంకారం, శిలువ, నెలవంక మూడూ ఉన్నాయి. ముస్లింలు ఎక్కువగా ఉండే జిల్లా ఇది. ఆయనకు నాటకాల పిచ్చి కూడా ఉండేది. ముందు నాటక సమాజం నడిపాడు, 1939లో కథకళి బృందం పెట్టాడు. ఆ బృందం ఇప్పటికీ ఉంది, ఆవరణలోని విశ్వంభరాలయం ఉత్సవాల్లో రాత్రంతా ఆడుతుంది. ఆసుపత్రి ఖర్చుతో కథకళి ఏమిటని లెక్కల గుమాస్తా ఎవరైనా అప్పట్లో అడిగి ఉంటాడా? ఆయన మేనల్లుడు పి.కె. వారియర్ 1950ల నుంచి దశాబ్దాల పాటు సంస్థను నడిపి, నూరేళ్లు నిండిన మరుసటి నెల, 2021 జూలైలో కన్నుమూశారు. నూరేళ్లు బతికాడు కాబట్టి వైద్యం గొప్పదనడం తప్పుడు తర్కమే గానీ, బెంచీల మీద మాట్లాడుకునే వాళ్లు ఆ మాట అనకుండా ఉండరు.

ఇక్కడ గది తీసుకుని వారాల తరబడి ఉండగలగడం అందరివల్లా కాదు. డబ్బు ఒకటి, వెంట ఉండే మనిషి ఇంకొకటి. లేనివారి కోసం 1924లోనే ధర్మాసుపత్రి మొదలైంది. దాని ముందు పొద్దున్నే కూలిపని చేతుల వాళ్లు, గోనెసంచి గొడుగుల వాళ్లు వరస కట్టి ఉంటారు. మందు దొరుకుతుంది సరే, పనిలోకి పోకుండా పథ్యం పాటించే వీలు వాళ్లకెలా దొరుకుతుంది?

వీలు సంగతి పెద్దమ్మకూ వర్తిస్తుంది. ఆమె మెట్లు దిగడం కొంత సులువైంది, పొద్దున బిగుతు తగ్గింది. ఇందులో నూనె వాటా ఎంతో నేను చెప్పలేను. పెళ్లయ్యాక ఆమెకు ఒకరు వేళకు వండిపెట్టి, తిన్నావా అని అడిగిన రోజులు ఇవే. వంటింట్లోకి పిలిచేవాళ్లు లేరు. మోకాళ్లకు దక్కిన విశ్రాంతిని మోకాళ్ల వైద్యంలో లెక్కించకపోతే ఎలా?

డిశ్చార్జి కాగితం మీద డాక్టరమ్మ పద్ధతి ప్రకారం రాసింది. చికిత్స ఎన్ని రోజులు జరిగిందో అన్ని రోజులూ ఇంటి దగ్గర ఇదే నియమం. ప్రయాణాలు వద్దు, రాత్రి మేలుకోవద్దు, గట్టిగా అరవొద్దు, కోపం తెచ్చుకోవద్దు. నేను తెలుగులో చదివి వినిపించాను. పెద్దమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"వరలక్ష్మీవ్రతం దీని మధ్యలోనే పడుతుందిరా. ముత్తయిదువలొస్తారు. ఇంకో కాగితం రాసిమ్మను, మీ పెదనాన్న పేరు మీద. వంట, కోపం రెండూ ఆయనకే రాయమను."

డాక్టరమ్మకు అది ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వలేదు. మీ పెదనాన్నగారి ఫోన్ నంబరు ఇమ్మంది.