మూడు నీళ్ళు

"నువ్వక్కడ చేసే పనేంటే?" అని అమ్మ ఫోన్‌లో అడిగినప్పుడల్లా "సముద్రం నీళ్ళలో సబ్బు కొలుస్తానమ్మా" అంటాను. "సముద్రంలో సబ్బెవరు కలిపారే!" అని నవ్వుతుంది.

కొంత మనం కలిపిందే. మిగతాది కంటికి కనపడని నాచుజీవులు వదిలేది. కుంకుడుకాయలో నురగనిచ్చే పదార్థం చెట్టే చేసుకున్నట్టన్నమాట. అది నీటిమీద పలచని పొరలా పరుచుకుని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రంలోకి దిగే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఈ కొలతలు.

కొలిచేది పాదరసం బొట్టుతో. ప్రాగ్‌లో యారోస్లావ్ హైరోవ్‌స్కీ 1922లో పాదరసపు బొట్లతో మొదలుపెట్టిన పోలరోగ్రఫీకి 1959లో నోబెల్ వచ్చింది. దాన్ని సముద్రపు నీటికి మలిచినవాళ్ళలో జాగ్రెబ్ శాస్త్రవేత్త బొజెనా చొసోవిచ్ ఒకరు. సన్నటి గాజు గొట్టం చివర బొట్టు వేలాడుతుంది. నీటిలోని సబ్బులాంటి అణువులు దానికి అతుక్కుంటాయి. మైనస్ 0.6 వోల్టుల దగ్గర చిన్న ఏసీ కరెంటు పంపితే, అవి ఎంత అతుక్కుంటే కరెంటు అంత తగ్గుతుంది. లీటరులో మిల్లీగ్రాములో పదోవంతున్నా పట్టేస్తుంది.

పోయిన వేసవిలో, ఇక్కడ బ్రిటన్ ఈశాన్య తీరంలో తెచ్చిన వారం రోజుల శాంపిళ్ళు మామూలుకంటే మూడింతలు చూపించాయి. నాచు విరగబెరిగిందని సంబరపడి ప్రొఫెసర్‌కి గ్రాఫులు పంపేశాను. నా కాంట్రాక్ట్ పొడిగింపు తేలేది ఆ నెలలోనే. వీసా దానిమీదే.

ఆ రాత్రి ఫోన్లో ఉండగానే అమ్మ వంటింట్లో చెల్లిని కేకలేస్తోంది. "నురగ పోతే సబ్బు పోయినట్టేనా? మూడు నీళ్ళు పొయ్యి!"

నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆ సీసాల్లో ఒకదాంట్లో శుభ్రమైన ఉప్పునీరు పోసి కొలిచాను. కరెంటు పడిపోయింది. కొత్త సీసాలని నేనే డిటర్జెంట్‌తో కడిగాను, హడావిడిలో ఒక్కసారే నీళ్ళు పోశాను. మూడింతలు చూపింది నా సబ్బే!

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గంటసేపు కూర్చుని, ఉన్నదున్నట్టు మెయిల్ రాశాను. "ముందే కనిపెట్టావు, మంచిది. ఆ వారం కొట్టెయ్" అని జవాబొచ్చింది. కొట్టేశాను. ఆ వారపు సముద్రం మళ్ళీ దొరకదు. పొడిగింపు ఏడాది అడిగితే ఆరు నెలలొచ్చింది.

ఇప్పుడు సీసాలని ఆసిడ్‌తో కడిగి, 450 డిగ్రీల్లో కాల్చి, ముందు ఉత్త ఉప్పునీరు కొలిచాకే సముద్రం నీళ్ళు ముట్టుకుంటాను. సంగతంతా చెబితే అమ్మ అంది, "ఇంత చదువు చదివి, గిన్నెలు కడగడం నా దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చిందా!"