పలక మీద విమానం

దొనకొండ దగ్గర బ్రిటిష్ వాళ్ల కాలం నాటి విమానాశ్రయం ఒకటుంది. ఇప్పుడక్కడ విమానాలు దిగవు. పశ్చిమ ప్రకాశంలో విమానమంటే తలెత్తి చూసేదే. అలాంటి నేల నుంచి వెళ్లి 32 ఏళ్లు బేగంపేటలో విమానాలను సాగనంపిన పెద్దాయనను చూడాలని మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను.

తండ్రి పలకల రాయి కోసేవారట. ఈయన 1974లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. ట్రంకుపెట్టె తెరిచి నారింజ రంగు తోకతో విమానం బొమ్మ ఉన్న క్యాలెండరు, రెండు ‘స్వాగత్’ పత్రికలు, చేత్తో రాసిన పాత టికెట్టు ఒకటి తీశారు. టికెట్టు వెనక పూసిన ఎర్ర కార్బన్ ఇన్నేళ్ల తర్వాత కూడా నా వేలికి అంటింది. విద్యార్థులకు సగం చార్జీ, విదేశీయులు 21 రోజులు దేశమంతా తిరిగే ‘డిస్కవర్ ఇండియా’ టికెట్టు, అన్నీ ఆయనకు నోటికొచ్చు. విమానంలో పళ్లెం నిండా చాక్లెట్లు, చెవులకు దూది ఇచ్చేవారు. “దూది ఎందుకో తెలీక భయపడేవాళ్లు బాబూ. చెవులు గుయ్యిమంటాయమ్మా, గుటకలు మింగుతూ ఉండమని ముందే చెప్పి పంపేవాణ్ణి.”

ఆయన అసలు పని ట్రిమ్ షీట్. అదేమిటో చెప్పమంటే మనవరాలి పలక తెప్పించారు. బలపంతో పొడుగ్గా బోయింగ్ గీశారు. ముందు హోల్డులో సామాను వేస్తే గీత ఎడమకు జరుగుతుంది, వెనక వేస్తే కుడికి. జనం ఏ వరుసల్లో కూర్చున్నారు, ఇంధనం ఎంత, ఒక్కోదానికీ గీత దిగుతూ వచ్చి చివరికి గీసిపెట్టిన హద్దుల్లోనే ఆగాలి. “బరువు ఎంతన్నదొక్కటే కాదు, ఎక్కడుందో చూడాలి. లెక్క కుదిరాకే కెప్టెన్ సంతకం.” బలపం పట్టిన ఆ వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. మబ్బుల్లో నిశ్చింతగా కునుకు తీసినవాళ్లందరూ ఈ గీతకు రుణపడ్డారనిపించింది నాకు.

ఆయనకు పని నేర్పిన సీనియర్లు డెక్కన్ ఎయిర్‌వేస్ నుంచి వచ్చినవాళ్లు. 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి పెట్టిన కంపెనీ అది. ఎనిమిది కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్ అనే మహిళకు 1947లో పైలట్ ఉద్యోగమిచ్చింది. 1953లో దేశంలోని విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. “మా వాళ్లు డకోటా విమానాల కథలు చెప్తుంటే డ్యూటీ అయిపోయినా ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.” ఆ తర్వాత ఈయన సంస్థ కూడా 2011లో ఎయిరిండియాలో కలిసిపోయింది. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలోనే శంషాబాద్‌కు తరలిపోయాయి. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా వైపు చూడలేదు.

వద్దంటున్నా వినకుండా నా సంచి తనే అందుకుని గుమ్మం దాకా వచ్చారు. రెండుసార్లు ఎత్తి చూసి, “ఏడు కిలోలుంటది. చేత్తో పట్టుకుపోవచ్చు నాయనా” అన్నారు.