వేల్సు పల్లెలో ఇరువది మైళ్ళు

ఇంగ్లండునుండి వేల్సుదేశమునకు పోవు బాటసారికి సెవర్న్ నదిమీది వంతెనయే సింహద్వారము. రెడింగు పట్టణమున కాపురమున్న మా పెద్దమ్మాయి యింట కొన్ని మాసములుండుటకు పోయినప్పుడు, మే నెలలో నొక ఆదివారమున, అల్లుడు మమ్ము ఆ దారిని తీసికొనిపోయెను. ఎం-4 అను రాజమార్గమున పడమరగా గంటన్నర సాగినపిదప, నది ఒక్కసారిగా సముద్రమువలె విరివియై కనబడును. వంతెన పొడవు 5 కిలోమీటర్లకు పైమాట. ప్రపంచమున మిక్కిలి యెత్తైన ఆటుపోటులు గల తావులలో నిది యొకటి యగుటచే, మేము పోవునప్పుడు బురదదిబ్బలుగా నుండిన చోటులు సాయంకాలమునకు నీట మునిగి కానరాకుండెను. పూర్వము వేల్సులోనికి పోవువారివద్ద మాత్రమే యిచ్చట సుంకము కొనెడివారు. తిరిగి వెడలువారికి లేదు. 2018 డిసెంబరులో దానిని బొత్తిగా నెత్తివైచిరి.

వంతెన దాటగానే ఫలకములన్నియు రెండుభాషలలో నుండును. ఇటీవల నిలుపు ఫలకములపై వేల్సుభాష మొదట, ఇంగ్లీషు తరువాత. తమ భాషను పోగొట్టుకొనరాదని ఆ చిన్నదేశమువారు పడుచున్న పాటును చూచి మాకు గౌరవము కలిగెను. వంకరదారులలో నేలమీద తెల్లరంగుతో 'అరవ్' అని పెద్ద అక్షరములు వ్రాసియుందురు. మెల్లగా పొమ్మని దాని యర్థమట. వేల్సువారికి మన అరవముతో నేమి పని యని మావారు నవ్విరి.

న్యూపోర్టు నగరమునకు ఇవతలనే రాజమార్గమును విడిచి, ఉత్తరమునకు తిరిగి, ఆబర్‌గవెన్ని మీదుగా అస్క్ నదిలోయలో ప్రవేశించితిమి. ఇరువైపుల పచ్చని కొండలు. కొండలమీద రాతిగోడలతో గీతలు గీసినట్లు మడులు. మడులనిండ గొఱ్ఱెలు, వానిపిల్లలు. ఆ కొండల పేరు ఇంగ్లీషున బ్రెకన్ బీకన్సు. 2023 ఏప్రిలునుండి అచ్చటి జాతీయోద్యానమువారు 'బన్నై బ్రహైనియోగ్' అను వేల్సు పేరునే వాడుచున్నారు. అందు పెనివాన్ అను శిఖరము 886 మీటర్ల యెత్తు గలది. మేము దానినెక్కలేదు. బ్రెకన్ ఊరి కాలువగట్టున కూర్చుండి, ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోరయు దధ్యోదనమును తిని, పడవలు చూచి, మూడుగంటలకు తిరుగుముఖము పట్టితిమి.

ఇక వేల్సుదేశపు వేగనియమమును గూర్చి కొంత చెప్పవలెను. ఆ దేశములందు దూరమును మైళ్ళలో లెక్కింతురు. వీధిదీపములు దగ్గరదగ్గరగా, అనగా 200 గజములకు మించని యెడముతో, నిలిపియున్న బాటపై వేరు ఫలకము లేనిచో, ఇంగ్లండులో గంటకు 30 మైళ్ళు, అనగా 48 కిలోమీటర్లు, హద్దు. వేల్సులోను 2023 సెప్టెంబరు 17వ తేదీ వరకు నంతియే. ఆనాటినుండి అచ్చటి ప్రభుత్వమువారు దానిని 20 మైళ్ళకు, అనగా 32 కిలోమీటర్లకు, దించిరి. బండి తగిలినను పిల్లలు ప్రాణములతో బయటపడుదురని వారి ఉద్దేశము. జనులు చాల గలభా చేసిరి. వలదని వ్రాసికొనిన అర్జీలో నాలుగులక్షల అరువదివేలకు పైగా సంతకములు చేరెను. వేల్సు శాసనసభకు వచ్చిన అర్జీలలో నంతటిది వేరొకటి లేదు. తరువాత కొన్ని బాటలను మరల 30కి మార్చుటకు స్థానిక సంఘములకు వీలు కల్పించిరి గాని, మూలనియమము అట్లే యున్నది. కావున దీపస్తంభముల నడుమ ఇంగ్లండులో నేర్చిన చేయి 30 నంటును; వేల్సులో నదియే నేరము.

బ్రెకనుకును ఆబర్‌గవెన్నికిని నడుమ నొక పల్లె కలదు. గుడి, రాతివంతెన, పూలకుండలు వ్రేలాడదీసిన యొక చిన్న దుకాణము. దానిని చూచి ముచ్చటపడి మేము కారు కిటికీనుండి టెలిఫోనుతో చలనచిత్రము తీసితిమి. బాటప్రక్క నొక తెల్లని వ్యాను నిలిచియుండెను. అది యేమని యెవ్వరమును ఆలోచింపలేదు.

తొమ్మిదవనాడు జాబు వచ్చెను. కారు మా అమ్మాయిపేర నమోదై యున్నందున జాబును ఆమెపేరనే వచ్చినది. ఫలానా తేదీని, సాయంకాలము నాలుగుగంటల పదినిమిషములకు, ఇరువది మైళ్ళ హద్దుగల చోట మీ బండి ఇరువదితొమ్మిది మైళ్ళ వేగమున పోయినది, అభియోగము తేదలచియున్నాము, ఆ సమయమున బండి నడపినదెవరో ఇరువదియెనిమిది దినములలోపల తెలుపుడు అని దాని సారాంశము. ఇట్టి నోటీసు పదునాలుగు దినములలోగా యజమానికి చేరవలెనని అచ్చటి చట్టము. ఆలస్యమైనచో సామాన్యముగా అభియోగము నిలువదు. తొమ్మిదిదినములకే చేరినందున ఆ యాశ లేకపోయెను.

మొదట అల్లుడు, హద్దును తెలుపు ఫలకమే అచ్చట లేదని కోర్టులో వాదింతుననెను. చదువుకొన్నవాడు, మాటకారి, వాదించియే యుండును. కాని మేము తీసిన చలనచిత్రమును త్రిప్పిచూడగా, గుడిగోపురమునకు ముందు, పల్లె మొదటనే, ఎఱ్ఱని వలయములో '20' అను అంకె కొట్టవచ్చినట్లు కానవచ్చెను. అతడు రెండుసారులు చూచి, "అత్తయ్యగారూ, చక్కగా తీసినారు," అని ఊరకుండెను.

రెండవది, జాబు అందనట్లు మిన్నకుండుట. పరిచయస్థుడొకడు టెలిఫోనులో నట్టి సలహాయే యిచ్చెను. ఇంతకంటె చెడ్డసలహా లేదు. నడపినవారి పేరు తెలుపకుండుట ఆ దేశమున వేగముగా నడపుటకంటె పెద్ద నేరము. దానికి వేయిపౌనుల వరకు జరిమానాయు, లైసెన్సుపై ఆరు పెనాల్టీ పాయింట్లును వేయుదురు. మా అమ్మాయి అచ్చటి పరీక్షలో నెగ్గి పదునారు మాసములే యైనది. క్రొత్తగా నెగ్గినవారు రెండేండ్లలోపల ఆరు పాయింట్లు తెచ్చుకొన్నచో లైసెన్సు రద్దగును. బదులు వ్రాయకున్న పోవునది ఆమె లైసెన్సే.

మూడవ త్రోవను మా అమ్మాయియే చూపినది. అసలు చిక్కు అందే యున్నది.

చిన్నవేగముతో పట్టువడినవారికి, పూర్వము మూడేండ్లలో నట్టి అవకాశము పొందియుండనిచో, పోలీసువారు జరిమానాకు బదులు ఒక పాఠమును వినుటకు సెలవిత్తురు. రుసుము చెల్లించి, యింట కంప్యూటరు ముందు రెండుమూడు గంటలు కూర్చుండిన చాలును, పాయింట్లు పడవు. అల్లుడు రెండేండ్లక్రిందట ఆ పాఠము వినియున్నాడు. అటుపై మరల నొకసారి పట్టువడి మూడు పాయింట్లు తెచ్చుకొన్నాడు. ఇప్పుడు నూరుపౌనుల జరిమానాతో మఱి మూడు పడును. మూడేండ్లలో పండ్రెండైనచో సామాన్యముగా ఆరునెలలు బండి నడపరాదు. అతని యుద్యోగమో, ఊరూర తిరిగి ఆసుపత్రులలో యంత్రములు బాగుచేయునది. "కారు నాపేర నున్నది. జాబు నాపేర వచ్చినది. నేనే నడపితినని వ్రాసెదను. పాఠము విని వచ్చెదను. ఎవరికేమి నష్టము?" అని అమ్మాయి యనెను. కెమేరా తీసిన ఛాయాచిత్రములో బండిసంఖ్య స్పష్టముగా నున్నది గాని, నడపువాని మొగము అద్దపు మెఱుపులో కలిసిపోయినది.

మన యిండ్లలో నిట్టి మాటకు వెంటనే మెప్పు దొరకును. భర్తకు వచ్చిన యాపదను భార్య తన తలపై వేసికొనుట గొప్పగుణమని చిన్ననాటినుండి వినుచున్నాము. మెచ్చుకొనువారెవ్వరును ఆ తరువాత ఆమె గతి యేమని విచారింపరు. ఇంగ్లండు దేశపు కోర్టులలో నిది యొక పేరుమోసిన వ్యవహారమై యుండుటచే, దానిని మేము ఆ రాత్రి అమ్మాయికి వినిపించితిమి.

2003 మార్చిలో క్రిస్ హ్యూన్ అను రాజకీయనాయకుడు విమానాశ్రయమునుండి ఇంటికి వచ్చుచు వేగకెమేరాకు చిక్కెను. అతని భార్య విక్కీ ప్రైస్ గ్రీసుదేశమున పుట్టిన యర్థశాస్త్రవేత్త, ప్రభుత్వోద్యోగములలో మిక్కిలి పైమెట్టున కెక్కిన విదుషి. ఆమె, నడపినది తానేయని వ్రాసి, భర్త పాయింట్లను తాను తీసికొనెను. అంత చేసినను అతని లైసెన్సు నిలువలేదు. ఆ యేడే బండి నడపుచు టెలిఫోనులో మాటాడినందుకు అది పోయెను. ఏడేండ్లకు అతడు మంత్రియయ్యెను. 2010లోనే భార్యను విడిచి వేరొకతెతో పోయెను. 2011లో పాతవిషయము పత్రికల కెక్కెను. 2013 మార్చిలో న్యాయస్థానమువారు, న్యాయమునకు అడ్డుపడిన నేరమునకు, భార్యాభర్తలిరువురికిని ఎనిమిదేసి నెలల చెరసాల విధించిరి. భర్త బలవంతమువలన నట్లు వ్రాసితినని ఆమె చెప్పికొనెను. భర్త యెదుట భార్య నిర్బంధమువలన నేరము చేసినచో తప్పించుకొనుటకు ఆనాటి చట్టమున నొక వీలుండెడిది. జూరీవారు ఆమె మాట నమ్మలేదు. మరుసటియేడు, 2014లో, ఆ చట్టమునే తీసివైచిరి.

అమ్మాయి చాలసేపు మాటాడలేదు. తుదకు, "ఆయన అట్టివారు కారు గదా," అనెను. నిజమే, మా అల్లుడు అట్టివాడు కాడు. ఆ మాట మేమును చెప్పితిమి. కాని ఆ కాగితమున సంతకము చేయునది అల్లుని గుణమునుగూర్చి కాదు. నాలుగుగంటల పదినిమిషములకు చక్రము పట్టుకొన్నదెవరని మాత్రమే అందడిగినారు. అబద్ధము వ్రాసినచో, ఇరువది మైళ్ళ నేరమునకు వచ్చు మూడు పాయింట్లస్థానమున, ఎన్నేండ్లకైనను తలుపుతట్టగల చెరసాల యొకటి ఇంటిలోనికి వచ్చును. మఱియు, ఆ పాఠము వినవలసినవాడు వినకుండును. వినిన ఆమెకు దానితో పని లేదు.

ఆ కెమేరాల పుట్టుకను విని అల్లుడు మొదటిసారిగా నవ్వినాడు. వానిని నిర్మించిన మోరిస్ గాట్సోనైడ్సు డచ్చిదేశస్థుడు, కార్ల పందెగాడు. 1953లో మాంటికార్లో పందెము గెలిచినవాడు. మలుపులలో తన బండి ఎంతవేగముగా పోగలదో కొలుచుకొనుటకై ఆ యంత్రమును చేసికొన్నాడట! బ్రిటనులో 1992లో లండను పడమటనున్న ట్వికెనమ్ వంతెనపై మొదటి వేగకెమేరా నిలిపిరి. వేగముగా పోవుటకై పుట్టిన సాధనము వేగమునకు కాపలా యైనది.

మరునాడుదయము అల్లుడే కలము తెచ్చి భార్య చేతికిచ్చెను. నడపినవారి పేరును, లైసెన్సుసంఖ్యను, పుట్టిన తేదీని అతడు చెప్పుచుండగా ఆమె వ్రాసినది. ఆ కాగితమును వీధిచివర ఎఱ్ఱని తపాలాస్తంభములో వేసినది మేము. పండ్రెండుదినములకు అతనిపేర వేరొక జాబు వచ్చెను. నూరుపౌనులు కట్టినాడు. మూడు పాయింట్లు పడినవి. అవి నాలుగేండ్లు లెక్కలో కానవచ్చును, భీమా కంపెనీవారు అడిగినప్పుడు చెప్పవలెను. ఆ సంవత్సరపు భీమాసొమ్ము పెరుగుట నిశ్చయమని అతడు గొణుగుకొనుచునే యుండెను.

తరువాతి ఆదివారము ఆక్సుఫర్డు పోయితిమి. ఆ దినమున అమ్మాయి బండి నడపినది. అల్లుడు వెనుక మా ప్రక్కను కూర్చుండి, దారిలో ఫలకము కనబడినప్పుడెల్ల "ముప్పది... నలువది... మరల ముప్పది" యని పెద్దగా చదువుచుండగా, ఊరు చేరులోపలనే ఆమె విసిగి, ఇక నోరు మూసికొని కిటికీనుండి గొఱ్ఱెలను చూడుమనెను.