పెనుకొండకు బండి కట్టే ముందు



బండ్ల మీద పెనుకొండ, హంపి పోయి వచ్చినాము అని ఫోటోలు పెట్టినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. ఏ యాప్ పెట్టుకున్నారు, ఏమేమి కొన్నారు, ఈ వయసులో మేమూ పోవచ్చునా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదాని కన్నా ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తుంది. కాస్త పొడుగే, తీరిగ్గా చదవండి.

మేము నలుగురం, బండ్లు రెండు. మగవాళ్ళం ఇద్దరం రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమస్తాలుగా చేసి రిటైరైనాము. వెనక సీట్లో మా ఇంటివాళ్ళు. అందరికీ అరవై దాటింది. బండ్లు రెండూ 150 సీసీవే, కొత్తవి కావు. నలుగురం తమిళ మీడియంలో చదివినవాళ్ళమే. ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం తమిళం. మీలో చాలామందిదీ ఇదే కథ.

పిల్లలు వద్దన్నారు. రైల్వే పాసు ఉంది కదా, రైల్లో పోయి రండి అన్నారు. వాళ్ళ భయం న్యాయమైనదే. కానీ విజయనగరం నాయకుల కాలంలో మన పెద్దలు దక్షిణానికి వచ్చినారని చిన్నప్పటి నుంచి వింటున్నాము. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు పెనుకొండ. ఆ దోవ ఒకసారి నేల మీద చూడాలని మాకు ఆశ. రైలు కిటికీలో అది కనబడదు. అందుకే భయం తగ్గేటట్టు ఏర్పాట్లు చేసుకొని బయలుదేరినాము.

మొదట ఫోన్ సంగతి. జీపీఎస్‌కు సిమ్ టవర్ అక్కరలేదు, అది నేరుగా ఉపగ్రహాల నుంచి వస్తుంది. టవర్ కావలసింది మ్యాపు బొమ్మ దిగడానికే. కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే పోవలసిన జిల్లాల మ్యాపులు గూగుల్ మ్యాప్స్‌లో దించి పెట్టుకోండి. దాంతోపాటు ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ ఒకటి పెట్టుకున్నాము. అది నెట్ లేకుండానే పనిచేసేటట్టు చేసినది. ఒకటి తికమక పెడితే రెండోదానిలో చూస్తాము. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ కనబడదు, ఈ రోజు మూసిన రోడ్డు కూడా తెలియదు. అది గుర్తుంచుకోండి.

గూగుల్ మ్యాప్స్‌లో కారు గుర్తు కాకుండా టూ వీలర్ గుర్తు నొక్కండి. మన దేశంలో కొన్ని రోడ్ల మీదికి బైకులను రానివ్వరు. బెంగళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డులో 2023 ఆగస్టు నుంచి ఈ నిషేధం ఉంది.

ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించే స్టాండు కొనాలా అని ఎక్కువమంది అడిగినారు. మేము కొనలేదు. పెద్ద ఇంజన్ల అదురుకు ఫోన్ కెమెరా పాడయ్యే అవకాశం ఉందని ఆపిల్ కంపెనీ 2021లోనే హెచ్చరించింది. మనవి చిన్న బండ్లే, అయినా ఎండలో ఫోన్ కాగిపోతుంది, నడిపేవాడి చూపు రోడ్డు వదిలి దాని మీదికి పోతుంది. మా పద్ధతి వేరు. ఫోన్ వెనక సీటు వాళ్ళ చేతిలో ఉంటుంది. కుడికి తిరగాలంటే కుడి భుజం తడతారు, ఎడమకైతే ఎడమ భుజం. రెండు భుజాలూ తడితే బండి ఓరగా ఆపమని. ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు, వెనక లారీ హారన్ వినబడాలి. తొప్పూరు కనుమలో ఈ పద్ధతి ఎంత మేలో తెలిసింది.

రెండోది కాగితం. ఒక అట్ట మీద రోజుకొక చీటీ రాసుకున్నాము, రైల్వే టైంటేబుల్ మాదిరి. ఊరి పేరు, ముందు ఊరి నుంచి ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలు ఎక్కడ, రాత్రి బస ఎక్కడ. మొదటి రోజు మదురై నుంచి సేలం, రెండో రోజు హోసూరు, మూడో రోజు లేపాక్షి. రోజుకు 250 కిలోమీటర్లు దాటకూడదని ముందే ఒప్పందం. గంటకొకసారి దిగి నడుము చాచాలి. బెంగళూరు ఆదివారం తెల్లవారుజామునే దాటేసినాము. కిలోమీటరు రాళ్ళు కూడా చూసుకుంటూ పోండి. పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. ఫోన్ చచ్చిపోయినా రాయి చెబుతుంది.

మూడోది నోరు, అక్షరం. ఇదే అసలు చెప్పదలచుకున్నది.

కొడికొండ చెక్‌పోస్టు దాటితే ఆంధ్ర. అక్కడి నుంచి దోవ అడిగితే మన మాటకే జవాబు వస్తుంది. మన తెలుగు విని నవ్వుతారేమో అని మా ఇంటివాళ్ళకు జంకు. ఎవరూ నవ్వలేదు. "ఏ ఊరు మీది?" అని అడిగి, మదురై అంటే కూర్చోబెట్టి టీ ఇచ్చినారు. మనం దోవ అంటే వాళ్ళూ దోవ అన్నారు. దాపట, వలపట అని ఒక ముసలాయన ఎద్దులకు చెప్పినట్టు దిక్కు చెప్పినాడు. మా తాత నోట విన్న మాటలు అవి.

లేపాక్షి నుంచి పెనుకొండకు పోతూ ఫోన్ చూపించిన దగ్గర దోవ పట్టినాము. పొద్దు వాలుతున్నది. ఒక చోట రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంప, దాని మీద రేకు ముక్క, సున్నంతో నాలుగు వరుసల తెలుగు. ఇంగ్లీషు లేదు, మనిషి లేడు, సిగ్నల్ లేదు. ఫోన్ మాత్రం నేరుగా పొమ్మంటున్నది. మా ఇంటావిడ దిగి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కల్వర్టు పని జరుగుతున్నది, బండ్లు పోవు, చెరువు కట్ట మీదుగా పోవలెను. ముందుకు పోయి చూస్తే నిజంగానే రోడ్డు సగం తవ్వి గుంత ఉన్నది. చీకట్లో రెండు బండ్లూ అందులో పడేవి.

ఆమెకు అక్షరాలు ఎక్కడివి అంటారా? మన సంఘం ఆదివారం తెలుగు తరగతిలో నేర్చుకున్నవే. ఆరు నెలలు పోయింది. ఈ వయసులో బడి ఏమిటని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు, పేర్లు వద్దులెండి.

ఇక సామాను. హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు ఉండి తీరాలి, వెనక కూర్చున్నవాళ్ళకూ అంతే, చట్టమూ అదే. తల చుట్టుకొలత కొలిచి, అంగట్లో పది నిమిషాలు పెట్టుకొని చూసి కొనండి. మోకాళ్ళకు గార్డులు, వేళ్ళన్నీ మూసే గ్లవ్స్, మడమ కప్పే బూట్లు. చీర కొంగు, చున్నీ చక్రంలో పడే ప్రమాదం ఉంది, ఆడవాళ్ళు ప్యాంటు మీద పొడుగు చొక్కా వేసుకున్నారు. బరువు రెండు పక్కలా సమానంగా వేలాడే సంచులలో పెట్టండి, వీపు మీద మోయవద్దు. ట్యూబ్‌లెస్ టైరు పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, ఒక క్లచ్ వైర్, స్పార్క్ ప్లగ్, పవర్ బ్యాంకు. బీపీ, షుగర్ మాత్రలు రెండు చోట్ల విడిగా, డాక్టరు చీటీ నకలుతో. జాతీయ రహదారిలో సహాయానికి 1033, ఏ అత్యవసరానికైనా 112. ఇవి అట్ట మీద పెద్ద అక్షరాలలో ఉండాలి.

హంపి చూసి గుంతకల్లు వచ్చి అక్కడి నుంచి రైలెక్కినాము. బండ్లూ రైల్లోనే. ఇది మాకు తెలిసిన పని కాబట్టి గట్టిగా చెప్పగలము. మీరు ప్రయాణించే రైల్లోనే బండి రావాలంటే టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయాలి, లేకపోతే పార్సెల్‌గా. ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు నకలు కావాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. హెడ్‌లైటు, అద్దాలు, ట్యాంకు గోనెసంచితో బాగా చుట్టించండి. బయలుదేరే స్టేషన్, చేరే స్టేషన్ పేర్లు స్పష్టంగా రాసిన అట్ట గట్టిగా కట్టండి. ముందు రోజే పార్సెల్ ఆఫీసుకు పోయి అడిగి రావడం మంచిది. పోయేటప్పుడు రోడ్డు, వచ్చేటప్పుడు రైలు అయితే మన వయసుకు సరిపోతుంది.

పోవచ్చునా అని అడిగినవాళ్ళకు మా జవాబు, పోవచ్చు. డాక్టరును అడగండి, బండి సర్వీసు చేయించండి, మ్యాపులు దించుకోండి. ఇవన్నీ ఒక వారం పని. అక్షరాలకు మాత్రం ఆరు నెలలు కావాలి, కాబట్టి అది ముందు మొదలుపెట్టండి. మీతో మనవళ్ళను కూడా తీసుకురండి. మన ఇళ్ళల్లో వాళ్ళకు తెలుగు వింటే అర్థమవుతుంది, జవాబు తమిళంలో వస్తుంది. రేపు వాళ్ళు ఆ దోవన పోతే ఆ రేకు ముక్క చదివేవాళ్ళు ఎవరు?

తరగతి ఆదివారం పది గంటలకు. దోవ చీటీల నకళ్ళు అక్కడే ఇస్తాము.