దేవుని గూట్లో చుక్కల మందు

పోయిన ఎండాకాలం సెలవుల్లో పెనుకొండలో ఉన్నన్నాళ్లూ మా అవ్వకి కంట్లో చుక్కలు వేయడం నా డ్యూటీ. నీటికాసుల జబ్బు. వేసిన ప్రతిసారీ మందు చెంప మీదికి జారేది. "ఏం మందప్పా ఇది, కంట్లోకన్నా చెంపకే ఎక్కువ పోతాంది" అనేది, కొంగుతో తుడుచుకుంటూ.

అవ్వ లెక్క తప్పు కాదు. ఒక చుక్క 50 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది. కన్ను పట్టేది 30 మాత్రమే. అందులోనూ కన్నీళ్లు కడిగేయగా లోపలికి ఇంకేది నూటికి 5 వంతులు కూడా ఉండదు. నీటికాసుల్లో పోయిన చూపు మళ్లీ రాదు.

అందుకే మినీ ప్రాజెక్ట్‌కి పోలాక్సమర్ 407 తీసుకున్నా. నెయ్యి చలికి పేరుకుని వేడికి కరుగుతుంది కదా, ఇది తిరగబడ్డ నెయ్యి. చల్లగా ఉంటే నీళ్లలా జారుతుంది, వెచ్చబడితే జెల్ అవుతుంది. దాని గొలుసు రెండు చివరలకీ నీళ్లంటే ఇష్టం, నడుముకి పడదు. వేడి తగిలేసరికి నడుములన్నీ నీటిని వదిలి గుంపు కడతాయి. ఆ గుంపులు కిక్కిరిసి బిగుసుకుపోతాయి. అంటుకోడానికి కైటోసాన్ కలిపాం. రొయ్యల పెంకుల నుంచి తీసే దీనికి ధనావేశం, కంటి జిగురుపొరలోని మ్యూసిన్‌కి రుణావేశం. రెండూ పట్టుకుంటాయి.

మందు కలపని ఉత్త జెల్‌నే వాటర్‌బాత్‌లో మెల్లగా వేడి చేస్తూ సీసా తలకిందులు చేసి చూశాం. 29 డిగ్రీల దగ్గర కదల్లేదు. కంటి పైభాగం 34 ఉంటుంది. ల్యాబ్‌లో గెంతులేశాం.

ఆ రాత్రే ఫోన్ చేశా. "ఇట్లాంటి మందొస్తే ఇంక జారదవ్వా!"

"సీసా యాడ పెట్టల్ల?"

"ఫ్రిజ్‌లో."

"ఆడ పెడితే నాకు గుర్తుండదప్పా. దేవుని గూట్లోనే పెడతా."

ఫోన్ పెట్టేశాక వెలిగింది. మే నెలలో పెనుకొండ ఎండ 40కి దగ్గర్లో ఉంటుంది. మా జెల్ కంటిదాకా రాదు, గూట్లోనే గడ్డకడుతుంది. శాతం తగ్గిస్తే గడ్డకట్టే వేడి పెరుగుతుంది, అప్పుడు కంట్లోనూ కట్టదు. గది కన్నుకన్నా వేడిగా ఉండే ఊళ్లో వేడిని నమ్ముకుంటే ఎట్లా?

గైడ్ సార్‌కి చెబితే జెల్లాన్ గమ్ చూడమన్నారు. అది కన్నీటిలోని ఉప్పుకి గడ్డకడుతుంది. టిమొలోల్ చుక్కల్లో ఇప్పటికే వాడుతున్నారు. ఎండ ఎంతున్నా కన్నీళ్లు ఉప్పగానే ఉంటాయి కదా.

కొత్త రిపోర్ట్‌లో నిల్వ ఉష్ణోగ్రత 40 డిగ్రీలని రాశా. "ఎందుకంత?" అన్నారు సార్. దేవుని గూడు అని చెప్పలేక, "మా ఊరు పెనుకొండ సార్" అన్నా.